పోయినవారి గుర్తు, వెలుగులో: మూడో పాఠం – చిల్లులు పొడవడం

మొదటి పాఠంలో పోయినవారి వస్తువు ఒకటి ఎంచుకున్నాం. రెండో పాఠంలో దాని బొమ్మను మందపాటి డ్రాయింగ్ అట్ట మీద గీశాం. ముఖం గీయవద్దని ఎందుకన్నారని కొందరు అడిగారు. ముఖంలో పోలిక కుదరకపోతే ఉన్న బాధ రెట్టింపవుతుంది. కళ్లజోడో, వక్కాకు సంచో అయితే గీత కాస్త వంకరపోయినా మనిషి గుర్తొస్తారు.

ఈసారి చిల్లులు: వెనక వెలుగు పెడితే బొమ్మ మెరిసేలా ఆ అట్టకు చిల్లులు పొడుస్తాం. ఈ విద్య మన సీమలోనే ఉంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవారు మేకతోలును వెలుగు దూరేంత పలచగా శుభ్రం చేసి, బొమ్మ గీసి, నగలూ చీర అంచులూ వచ్చే చోట వరుసగా చిల్లులు కొడతారు. వెనక దీపం పెడితే రంగు పూసిన చోట రంగు, చిల్లు ఉన్న చోట తెల్లని మెరుపు. మొన్నటిదాకా అనంతపురం జిల్లాలో ఉన్న ఆ ఊరు 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. తోలు పని ఏళ్ల తరబడి నేర్చుకోవాల్సింది. మనకు అట్ట చాలు.

కావలసినవి: గోనెసంచులు కుట్టే దబ్బనం, మామూలు కుట్టు సూది, పాత కంబళి. కంబళిని నాలుగు మడతలు వేసి దాని మీద అట్ట పరవండి. సూది వెనక కొసను పెన్సిల్ రబ్బరులోకి దించితే పట్టు దొరుకుతుంది, వేలు నొప్పి పుట్టదు. సూదిని నిటారుగా దించి, నిటారుగానే తీయాలి. ముందు సన్న చిల్లులన్నీ పూర్తిచేసి, ఆ తర్వాతే దబ్బనం అందుకోండి. పెద్ద చిల్లులు ముందే పడితే అట్ట బలం తగ్గి చిరుగుతుంది. చిల్లుకూ చిల్లుకూ మధ్య కనీసం 3 మిల్లీమీటర్లు వదలండి.

నేను మా నాన్న చెప్పుల జోడు ఎంచుకున్నాను. ఆయన వేరుసెనగ చేలో గట్ల వెంట తిరిగిన మనిషి. కుడి చెప్పు మడమ బయటి వైపు బాగా అరిగి, లోపలి వైపు దాదాపు కొత్తగానే ఉంది. ఆయన అటు ఒరిగి నడిచేవారని ఆ అరుగుదలను గీస్తున్నప్పుడే గమనించాను. అందుకే చుట్టుగీతకు దూరం దూరంగా చిల్లులు వేసి, అరిగిన చోట మాత్రం దగ్గర దగ్గరగా గుచ్చాను. మీ బొమ్మలో కూడా ఆ మనిషి వాడకం వల్ల ఎక్కడ అరిగిందో, వంగిందో, మాసిందో వెతకండి. వెలుగు ఎక్కువగా రావాల్సింది అక్కడే.

ఒక్క కూర్చోవడంలో ముగించాలని పట్టుదలకు పోకండి. ముప్పావు గంటకు అలారం పెట్టుకుని, మోగగానే అట్టను బీరువాలో పెట్టి వేరే పనిలో పడండి. దుఃఖం మీద పరిశోధన చేసిన మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షూట్ 1999లో చెప్పింది ఇదే: పోయినవారి వైపు తిరగడం, మళ్లీ బతుకు పనుల వైపు తిరగడం, ఈ రెంటి మధ్య మనసు అటూ ఇటూ ఊగడమే సహజం. పెద్దకర్మ అయి చుట్టాలు వెళ్లిపోయాక ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అవుతుంది చూడండి, ఆ ఊగులాటకు ఒక వేళ పెట్టుకోవడం అప్పుడు మరీ అవసరం.

అలారం మోగకముందే ఏడుపొస్తే ఏడవండి, సూది మాత్రం పక్కన పెట్టి. వారాల తరబడి నిద్రాహారాలు లేకపోయినా, బతకాలనిపించకపోయినా అట్టా సూదీ సరిపోవు. వెంటనే 14416కు ఫోను చేయండి. అది మనసు బాగాలేనివారి కోసం ప్రభుత్వం నడిపే ఫోను సేవ టెలి మానస్, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు.

చిల్లులు పూర్తయ్యాక అట్టను తిరగేసి, వెనక లేచిన గరుకును నున్నని గరిటె వీపుతో రుద్దండి. కిటికీకి ఆనించి చూసి, వెలుగు చాలని చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. వచ్చే పాఠం రంగులది. అప్పటికి నీటి రంగులూ, సన్న కుంచె ఒకటీ, చిన్న ఎల్‌ఇడి బల్బు ఒకటీ సిద్ధం చేసుకోండి. అట్ట వెనక నూనె దీపం మాత్రం పెట్టవద్దు, అంటుకుంటుంది.