సర్వే చదవడం నేర్చుకుందాం – 4: నమ్మకం సరే, ఎంతవరకు?

పోయిన పాఠంలో, ‘చాలామందిని నమ్మొచ్చా, జాగ్రత్తగా ఉండాలా?’ అన్న సర్వే ప్రశ్నకు వచ్చిన అంకెలను చదవమన్నాను. మీరు పంపిన జవాబులు ఎక్కువగా ఒక్కచోటే తడబడ్డాయి. ‘చాలామందిని నమ్మొచ్చు’ అన్నవాళ్లు చైనాలో సగానికి పైగా, ఫ్రాన్స్‌లో నాలుగో వంతు కూడా లేరు, కాబట్టి ముక్కూమొహం తెలియనివాళ్లను చైనావాళ్లే ఎక్కువ నమ్ముతారు అని రాసేశారు. అంకెలు సరైనవే, 2005–2009 మధ్య జరిగిన వరల్డ్ వాల్యూస్ సర్వేవి (చాలా దేశాల్లో జనం విలువలను, నమ్మకాలను అడిగే సర్వే ఇది). ఆ ‘కాబట్టి’ దగ్గరే దారి తప్పారు. ముందు ఇది తేలాలి.

అదే సర్వేలో ఇంకో ఆరు ప్రశ్నలున్నాయి: ఇంట్లోవాళ్లు, ఇరుగుపొరుగు, పరిచయస్తులు, మొదటిసారి కలిసినవాళ్లు, వేరే మతంవాళ్లు, వేరే దేశంవాళ్లు. వీళ్లలో ఒక్కొక్కరిని ఎంత నమ్ముతారని అడుగుతారు. మొదటిసారి కలిసినవాళ్ల దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది, ఫ్రాన్స్ చైనాను దాటి చాలా ముందుకెళ్తుంది. జర్మన్ సోషియాలజిస్టు యాన్ డెల్‌హై, కెన్నెత్ న్యూటన్, క్రిస్టియన్ వెల్జెల్‌లతో కలిసి 2011లో 51 దేశాల డేటాతో చూపించింది ఇదే. ‘చాలామంది’ అన్నప్పుడు జనం మనసులో గీసుకునే గీత కొన్నిచోట్ల పరిచయస్తుల దగ్గరే ఆగిపోతుంది. చైనా, థాయ్‌లాండ్, దక్షిణ కొరియాల్లో అది ఇరుకు, సంపన్న పాశ్చాత్య దేశాల్లో విశాలం. పౌర జీవితంలో పాలుపంచుకోవడం లాంటివాటికి గట్టిగా ముడిపడేది బయటివాళ్లమీద నమ్మకమే.

నాకు విపరీతంగా చిరాకు తెప్పించే పని ఒకటుంది, ఆరూ కలిపి ఒకే స్కోరు చేయడం. 4 అంటే పూర్తి నమ్మకం, 1 అంటే అసలు లేదు అని పెట్టుకుందాం. ఒకాయన సొంతవాళ్లకు, అంటే మొదటి మూడింటికి, 4, 4, 4, బయటివాళ్లకు, అంటే చివరి మూడింటికి, 2, 1, 1 ఇచ్చాడనుకోండి. ఇంకొకావిడ 3, 3, 3, 3, 2, 2 ఇచ్చింది. ఇద్దరికీ 16 వస్తుంది, కానీ ఇద్దరి లోకాలూ వేరు! మొదటి మూడూ ఒక సగటు, చివరి మూడూ ఇంకో సగటు, అంతే. నేనైతే తొందరలో ఉంటే ‘మొదటిసారి కలిసినవాళ్లు’ ఒక్కటే చూస్తాను, చాలాసార్లు సరిపోతుంది.

పైన 4 అంటే పూర్తి నమ్మకం. సర్వే డేటా ఫైల్లో మాత్రం తలకిందులు, అక్కడ 1 అంటే పూర్తి నమ్మకం, 4 అంటే అసలు లేదు. ప్రతి అంకెనూ 5లోంచి తీసేస్తే సరిపోతుంది, కానీ దానికంటే ముందు మైనస్ అంకెలు తీసేయాలి. ‘తెలియదు’ అన్నవాళ్లకు అక్కడ -1 ఉంటుంది. దాన్ని 5లోంచి తీస్తే 6 వస్తుంది, అంటే ఏమీ చెప్పనివాడు అందరికంటే ఎక్కువ నమ్మేవాడైపోతాడు. సగటు పెరిగినా ఎక్కడా ఎర్రర్ రాదు, కంటికి కనబడదు. ముందు తీసేయండి, తర్వాతే తిప్పండి.

సాధన: 2017–2022 విడతలో చైనా, జర్మనీ తీసుకోండి. 57వ ప్రశ్నకు, అంటే ‘చాలామందిని నమ్మొచ్చా’ అన్నదానికి, ‘నమ్మొచ్చు’ అన్నవాళ్లను, ‘జాగ్రత్తగా ఉండాలి’ అన్నవాళ్లను విడదీయండి. పైన చెప్పిన ఆరు ప్రశ్నలకు, అంటే 58 నుంచి 63 దాకా, రెండు గుంపులకూ రెండేసి సగటులు కట్టండి. గుంపుల మధ్య తేడా సొంతవాళ్ల దగ్గర ఎక్కువుందా, బయటివాళ్ల దగ్గరా? రెండు దేశాలకూ విడివిడిగా రాయండి. ఒక సాయంత్రం పడుతుంది, కాలిక్యులేటర్‌తో కాదు, స్ప్రెడ్‌షీట్‌లో చేయండి.