కమ్యూనికేషన్ రీసెర్చ్ మెథడ్స్ నేర్చుకోవడం ఎలా? 28 మొదటి పేజీలతో ఒక చిన్న అధ్యయనం

జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ కోర్సుల్లో రీసెర్చ్ మెథడ్స్ అంటే చాలామందికి నిర్వచనాల పేపరే. కంటెంట్ అనాలిసిస్ (వార్తల్లో ఏముందో నియమం ప్రకారం లెక్కపెట్టే పద్ధతి) అంటే ఏమిటని అడిగితే 1952లో బెర్నార్డ్ బెరెల్సన్ ఇచ్చిన నిర్వచనం రాస్తారు, మార్కులు పడతాయి. చివరి సెమిస్టర్‌లో డిసర్టేషన్ మొదలయ్యాక గైడ్ "ఈ తేదీలే ఎందుకు తీసుకున్నావు?" అని అడిగితే మాత్రం నోరు పెగలదు. ఒక చిన్న అధ్యయనాన్ని మొదటి నుంచి చివరిదాకా చేస్తేనే ఈ సబ్జెక్టు వంటబడుతుంది. అందుకు సర్వే కన్నా కంటెంట్ అనాలిసిస్ అనువైనది. పత్రిక పేజీ ఎక్కడికీ పోదు, ఫోన్ ఎత్తకుండా ఉండదు, తప్పు చేస్తే మళ్లీ మొదటి నుంచి చదువుకోవచ్చు. శాంపిల్, వేరియబుల్ (లెక్కపెట్టే అంశం), రిలయబిలిటీ (ఎవరు లెక్కపెట్టినా ఒకే ఫలితం రావడం), స్టాటిస్టికల్ టెస్టు అన్నీ ఇందులోనే ఎదురవుతాయి.

ఇక్కడ తీసుకున్న ఉదాహరణ: రెండు తెలుగు దినపత్రికల మొదటి పేజీ వార్తల్లో ఎవరి మాటలు ఉంటాయి, వారిలో మహిళలు ఎంతమంది? ఇలాంటి లెక్కకు పెద్ద నమూనా ఒకటి ఉంది. గ్లోబల్ మీడియా మానిటరింగ్ ప్రాజెక్టు 1995 నుంచి అయిదేళ్లకోసారి, ఒకే రోజున అనేక దేశాల వార్తలను కోడింగ్ చేయిస్తోంది, అంటే వార్తలోని ప్రతి అంశానికీ నియమం ప్రకారం ఒక అంకె ఇప్పిస్తోంది. వార్తల్లో కనిపించే మనుషుల్లో మహిళల వాటా 1995లో 17 శాతం ఉంటే, 2020లో 25 శాతంగా తేలింది. వాళ్ల కోడింగ్ పద్ధతి అందరికీ అందుబాటులో ఉంది. పని మొదలుపెట్టేముందు చదివితే చాలా మెలకువలు తెలుస్తాయి.

ప్రశ్నను బిగించండి

"తెలుగు పత్రికలు - మహిళలు" అన్నది టాపిక్ మాత్రమే, ప్రశ్న కాదు. "2 పత్రికల మొదటి పేజీల్లో, జనవరి నుంచి జూన్ దాకా, మాటలు ఉటంకించిన వ్యక్తుల్లో మహిళల వాటా ఎంత? రెండు పత్రికల మధ్య తేడా ఉందా?" అన్నది ప్రశ్న. ఏం లెక్కపెట్టాలో, ఎక్కడ లెక్కపెట్టాలో, ఎప్పుడు ఆపాలో అందులోనే ఉంది.

టైటిల్‌లో "పాఠకులపై ప్రభావం" అనే మాట పెట్టకండి. డిసర్టేషన్లలో తరచూ కనిపించే పొరపాటిది. పేజీని ఎంత లెక్కపెట్టినా పాఠకుడి బుర్రలో ఏం జరిగిందో తెలియదు, ఎడిటర్ ఉద్దేశం ఏమిటో కూడా తెలియదు. ప్రభావం గురించి మాట్లాడాలంటే మనుషుల దగ్గరికి వెళ్లాల్సిందే. అజెండా సెట్టింగ్ (ఏ విషయాలు ముఖ్యమో జనం అనుకోవడంలో వార్తల పాత్ర) మీద మెక్‌కూంబ్స్, షా అనే పరిశోధకులు చేసిన పని అదే. 1968 అమెరికా ఎన్నికల సమయంలో చాపెల్ హిల్‌లో ఎవరికి ఓటేయాలో తేల్చుకోని 100 మంది ఓటర్లను ప్రశ్నించారు, వాళ్లకు అందే వార్తలను విడిగా విశ్లేషించారు, తర్వాత రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశారు. ఆ వ్యాసం 1972లో వచ్చింది.

ఇంతకుముందు ఎవరేం చేశారో చూడటానికి శోధగంగ వెబ్‌సైట్‌లో మన విశ్వవిద్యాలయాల థీసిస్‌లు ఉచితంగా దొరుకుతాయి. ముందుగా మెథడ్ అధ్యాయం తెరవండి. ఎన్ని రోజులు, ఏ ఎడిషన్, ఎంతమంది కోడర్లు, రిలయబిలిటీ ఎంత అనే నాలుగు గడుల పట్టిక గీసి ఒక పది థీసిస్‌లతో నింపండి. ఆఖరి గడి ఎన్నిసార్లు ఖాళీగా మిగులుతుందో చూస్తే ఈ వ్యాసంలో ఒక భాగం మొత్తం రిలయబిలిటీకే ఎందుకు పోయిందో తెలుస్తుంది.

తేదీలు ఎంచుకోండి

వరసగా రెండు వారాలు తీసుకుంటే ఆ రెండు వారాల్లో తుపానో, బడ్జెట్టో, ఎన్నికలో వచ్చి మొత్తం శాంపిల్‌ని మింగేస్తాయి. ప్రతి ఏడో రోజు తీసుకుంటే ఎప్పుడూ ఒకే వారం పడుతుంది. అన్నీ ఆదివారాలే వస్తే అది ఆదివారం పత్రిక మీద అధ్యయనం అవుతుంది. అందుకే కన్‌స్ట్రక్టెడ్ వీక్ పద్ధతి వాడతారు. ఆరు నెలల్లో ఉన్న సోమవారాలన్నింటికీ నంబర్లు వేయండి, దాదాపు 26 ఉంటాయి. ఎక్సెల్‌లో రాండ్‌బిట్వీన్ ఫార్ములాతో 1 నుంచి 26 లోపు రెండు నంబర్లు తీయండి. మంగళవారం నుంచి ఆదివారం దాకా ఇదే చేస్తే 14 రోజులు, అంటే రెండు కన్‌స్ట్రక్టెడ్ వారాలు తయారవుతాయి. ఒక దినపత్రిక ఏడాది వార్తలకు ఇలాంటి రెండు వారాలు సరిపోతాయని రిఫ్, ఆస్ట్, లేసీ 1993లో పరీక్షించి చెప్పారు. ఆరు నెలలకైతే ధైర్యంగా వాడొచ్చు. ఆ ఫార్ములా షీట్ కదిలిన ప్రతిసారీ నంబర్లు మార్చేస్తుంది. రాగానే కాపీ చేసి విలువలుగా పేస్టు చేయండి, లేదంటే మర్నాటికి మీ శాంపిలే మారిపోతుంది.

తెలుగు పత్రికలతో వచ్చే చిక్కులు వేరే ఉన్నాయి. వీటికి నియమాలు ముందే రాసుకోవాలి:

- సంక్రాంతి, దసరా లాంటి పండుగల మర్నాడు పత్రిక రాదు. ఆ తేదీ పడితే అదే వారానికి (సోమవారమైతే మరో సోమవారానికి) చెందిన మరో నంబరు తీయాలి, పక్క రోజు తీసుకోకూడదు.
- హైదరాబాద్ మెయిన్, విజయవాడ మెయిన్ ఒకటి కావు. రెండు పత్రికలకూ ఒకే ఊరి మెయిన్ ఎడిషన్ తీసుకోండి. జిల్లా పేజీలు కలపొద్దు.
- జాకెట్ యాడ్ ఉన్న రోజు, ప్రకటన దాటాక మాస్ట్‌హెడ్ (పత్రిక పేరు) కింద వార్తలు మొదలయ్యే పేజీయే మొదటి పేజీ.
- "తరువాయి 8వ పేజీలో" అని ఉంటే ఆ భాగాన్నీ లెక్కలోకి తీసుకుంటారో లేదో ఇప్పుడే తేల్చండి. ఏదైనా ఫర్వాలేదు, అన్ని వార్తలకూ ఒకేలా ఉండాలి.

ఈ-పేపర్ పాత సంచికలు ఎల్లకాలం తెరుచుకుంటాయని నమ్ముకోకండి. తేదీలు తేలిన రోజే రెండు పత్రికలవీ కలిపి 28 పేజీలూ దాచుకుని, ఫైలు పేరులో పత్రిక, తేదీ పెట్టండి. దొరకనివి లైబ్రరీ బైండుల్లో వెతుక్కోవాలి. ఈ-పేపర్ నుంచి పాఠాన్ని కాపీ చేసి కంప్యూటర్‌తో పదాలు లెక్కిద్దామనుకుంటే, పాత తరం డీటీపీ ఫాంట్లలో ఉన్న పేజీలు యూనికోడ్‌లో పేస్టు చేయగానే పిచ్చి అక్షరాలవుతాయి. ఈ స్థాయి పనికి కంటితో చదవడమే నయం.

కోడ్‌బుక్ రాయండి

ఏ అంశానికి ఏ అంకె ఇవ్వాలో చెప్పే నియమాల పుస్తకమే కోడ్‌బుక్. పని మొత్తానికి ఆయువుపట్టు ఇదే. ముందు యూనిట్ తేల్చుకోవాలి. ఈ అధ్యయనంలో రెండున్నాయి: వార్త, వార్తలో మాట్లాడిన వ్యక్తి. వీటికి రెండు షీట్లు పెట్టండి. మొదటి షీట్‌లో వార్తకు ఒక వరస, రెండో షీట్‌లో వ్యక్తికి ఒక వరస. రెంటినీ కలిపేందుకు వార్త నంబరు ఉంటే చాలు. ఒకే షీట్‌లో కుక్కితే ముగ్గురు మాట్లాడిన వార్త మూడు వార్తలుగా లెక్కకొస్తుంది.

ప్రతి వేరియబుల్‌కూ కోడ్‌బుక్‌లో నిర్వచనం, కోడ్లు, సందేహం వస్తే పాటించాల్సిన నియమం, ఒక ఉదాహరణ ఉండాలి. "మాట్లాడిన వ్యక్తి" అన్న వేరియబుల్ ఇలా ఉండొచ్చు: "అన్నారు, తెలిపారు, చెప్పారు, హెచ్చరించారు, మండిపడ్డారు, దుయ్యబట్టారు వంటి క్రియలతో ఎవరి మాట నివేదించారో ఆ వ్యక్తి. కొటేషన్ గుర్తులు లేకపోయినా లెక్కే. ఒకే వ్యక్తి అదే వార్తలో నాలుగుసార్లు మాట్లాడినా ఒక వరసే. 'అధికార వర్గాలు తెలిపాయి', 'విశ్వసనీయ సమాచారం' వంటివి కోడ్ 8. 'తెలిసింది' అని మాత్రమే ఉంటే వరస వద్దు."

లింగం కోడ్ చేయడం తేలికనిపిస్తుంది కానీ తెలుగులో అక్కడే ఇరుక్కుంటారు. "కలెక్టర్ తెలిపారు" అన్న వాక్యంలో క్రియ గౌరవార్థంలో ఉంటుంది కాబట్టి మాట్లాడింది ఆయనో ఆమెనో చెప్పదు. కిరణ్ లాంటి పేర్లు ఇద్దరికీ ఉంటాయి. కాబట్టి నియమం కావాలి. వార్తలో "ఆమె", "ఆయన" లాంటి మాట, ఫొటో, లేదా స్పష్టమైన పేరు ఉంటేనే 1 (మహిళ) లేదా 2 (పురుషుడు). ముఖ్యమంత్రి, కేంద్రమంత్రి లాంటి అందరికీ తెలిసినవారికి వార్త బయటి పరిజ్ఞానం వాడొచ్చు. మిగతావన్నీ 9, అంటే తెలియదు. గడి ఖాళీగా మాత్రం వదలకూడదు. తెలియక వదిలేశారో, మరచిపోయారో నెల తర్వాత మీకే గుర్తుండదు.

వార్త ధోరణిని అనుకూలం, ప్రతికూలం అని కోడ్ చేయాలని చాలామంది ఉబలాటపడతారు. మొదటి అధ్యయనంలో దాని జోలికి పోకండి. "ప్రతిపక్ష నేత మండిపడ్డారు" అంటే అది మాట్లాడినవారి ధోరణి, పత్రికది కాదు. ఈ తేడా దగ్గరే ఇద్దరు కోడర్లు విడిపోతారు.

ఇద్దరూ ఒకేలా కోడ్ చేస్తున్నారా?

ఒక క్లాస్‌మేట్‌ను రెండో కోడర్‌గా పెట్టుకోండి. కోడ్‌బుక్ ఇచ్చి, గంటసేపు కలిసి సాధన చేసి, శాంపిల్‌లో లేని తేదీల నుంచి 50 వార్తలు విడివిడిగా కోడ్ చేయండి. మధ్యలో మాట్లాడుకోవద్దు. చర్చించి ఒకటి చేసుకున్నాక లెక్కవేస్తే అది ఏకాభిప్రాయం అవుతుంది తప్ప రిలయబిలిటీ కాదు.

ఊహా అంకెలతో చూద్దాం. "వార్తలో కనీసం ఒక మహిళ మాట ఉందా?" అన్నదానికి ఇద్దరూ "ఉంది" అన్నవి 6, ఇద్దరూ "లేదు" అన్నవి 36. మీరు ఉందంటే క్లాస్‌మేట్ లేదన్నవి 5, క్లాస్‌మేట్ ఉందంటే మీరు లేదన్నవి 3. మొత్తం 50లో 42 కలిశాయి, అంటే 84 శాతం. బాగానే ఉందనిపిస్తుంది. ఇప్పుడు 1960లో కోహెన్ ఇచ్చిన కప్పా లెక్కేయండి. కాకతాళీయంగా కలిసినవి తీసేసి అసలు ఏకీభావం ఎంతో చెప్పే కొలత ఇది. మీరు "ఉంది" అన్నవి 11, అంటే 0.22. క్లాస్‌మేట్ "ఉంది" అన్నవి 9, అంటే 0.18. కాకతాళీయంగా ఇద్దరూ "ఉంది" అనే అవకాశం 0.22 × 0.18 = 0.04, ఇద్దరూ "లేదు" అనే అవకాశం 0.78 × 0.82 = 0.64. కలిపితే 0.68. కప్పా = (0.84 − 0.68) ÷ (1 − 0.68) = 0.50. అంటే ఆ 84 శాతంలో ఎక్కువ భాగం, కళ్లు మూసుకుని "లేదు, లేదు" అంటూ పోయినా వచ్చేదే.

రిలయబిలిటీకి ఇలాంటి మరో కొలత ఆల్ఫా, దానికి క్రిపెండార్ఫ్ పెట్టిన గీటురాయి 0.80. 0.667 నుంచి 0.80 మధ్య ఉంటే తాత్కాలిక నిర్ధారణలకే పనికొస్తుందంటాడు. కప్పాకూ ఆ హద్దులే పెట్టుకోవచ్చు. 0.50 వస్తే విడిపోయిన ఆ 8 వార్తలూ ముందేసుకుని కూర్చోండి. సాధారణంగా ఒకే కారణం పదేపదే కనిపిస్తుంది: తరువాయి పేజీలో ఉన్న మహిళ మాటను ఒకరు చూశారు, ఒకరు చూడలేదు. లేదా బాధితురాలి గోడును రిపోర్టర్ తన మాటల్లో చెబితే ఒకరు ఉటంకింపుగా తీసుకున్నారు. కోడ్‌బుక్‌లో ఆ నియమం సవరించి, కొత్త వార్తల మీద మళ్లీ పరీక్షించాలి. పాత 50నే మళ్లీ చేస్తే మార్కులు పెరుగుతాయి, నమ్మకం పెరగదు. అసలు కోడింగ్ జరిగేటప్పుడు కూడా శాంపిల్‌లో 10 నుంచి 20 శాతం ఇద్దరూ చేయాలి. నివేదికలో రాయాల్సింది ఈ చివరి అంకెనే, ప్రతి వేరియబుల్‌కూ విడిగా.

కోడింగ్

పేజీకి ఏడు వార్తలనుకుంటే 28 పేజీలకు దాదాపు 196. వార్తకు 7 నిమిషాల చొప్పున 23 గంటల పని. రోజుకు రెండు గంటలు దాటితే కళ్లు పరుగెత్తుతాయి, 9లు పెరుగుతాయి. ఒక పత్రిక మొత్తం పూర్తిచేసి రెండోది పట్టుకోవద్దు. పోనుపోను మీ కోడింగ్ తీరు తెలియకుండానే మారుతుంది, ఆ మార్పు చివరికి పత్రికల మధ్య తేడాలా కనిపిస్తుంది. రెంటినీ కలగలిపి చేయండి. షీట్‌లో డేటా వాలిడేషన్ పెట్టి 1, 2, 8, 9 తప్ప వేరే అంకె పడకుండా చూస్తే టైపింగ్ తప్పులు చాలావరకు ఆగుతాయి.

లెక్క, నివేదిక

జమోవి, జాస్ప్ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితమే, కైస్క్వేర్‌కు (తేడా కాకతాళీయమా కాదా చూసే టెస్టు) సరిపోతాయి. మళ్లీ ఊహా అంకెలే: ఒక పత్రికలో 120 మందిలో 18 మంది మహిళలు, అంటే 15 శాతం. రెండో దానిలో 100 మందిలో 22, అంటే 22 శాతం. ఏడు పాయింట్ల తేడా చూసి "రెండో పత్రిక మహిళలకు పెద్దపీట వేసింది" అని రాసేయాలనిపిస్తుంది. కైస్క్వేర్ 1.80 వస్తుంది. తేడా కాకతాళీయం కాదనాలంటే 2×2 పట్టికకు 0.05 స్థాయిలో అది 3.84 దాటాలి. కాబట్టి ఈ శాంపిల్‌తో తేడా ఉందని చెప్పలేం, అంతే రాయాలి. తేడా లేదని నిరూపణ అయిందని కూడా రాయకూడదు. ఏ గడిలోనైనా ఎక్స్‌పెక్టెడ్ సంఖ్య (తేడా లేకుంటే రావాల్సిన సంఖ్య) 5 కన్నా తక్కువైతే ఫిషర్ టెస్టుకు వెళ్లండి. ఒకే వార్తలోని వ్యక్తులు ఒకరితో ఒకరు పూర్తిగా సంబంధం లేనివాళ్లు కారు. మహిళా సదస్సు వార్త ఒక్కటే అయిదుగురిని తెచ్చిపెట్టగలదు. ఈ మాట పరిమితుల్లో రాస్తే వైవాలో ప్రశ్న తగ్గుతుంది. మెథడ్ అధ్యాయాన్ని, కోడ్‌బుక్ సహా, మీ పని చూడని మరో విద్యార్థి అదే తేదీలతో తిరిగి చేయగలిగేలా రాయండి.

దీని తర్వాత సర్వేకి వెళ్లేవారికి రెండు హెచ్చరికలు చాలు. "పత్రికలు, టీవీ చానెళ్లు నమ్మదగినవేనా?" అని అడిగితే పత్రికను నమ్మి టీవీని నమ్మనివారు ఏ గడిలో టిక్ పెట్టాలి? ఒక్కో ప్రశ్నలో ఒక్క విషయమే ఉండాలి. రెండోది, వాట్సాప్ గ్రూపుల్లో వదిలిన గూగుల్ ఫారానికి 300 జవాబులొచ్చినా 500 వచ్చినా అది అందుబాటు శాంపిలే, అంటే చేతికందినవారితో తీసినదే. "తెలంగాణ యువతలో 62 శాతం" అని దాంతో రాయడానికి లేదు. "జవాబిచ్చిన 300 మందిలో" అని రాయండి.