వెనక్కి తీసేటప్పుడు బీప్, దారిలో టైరు దీపం: ఏది ఎంతవరకు చెబుతుంది?

భారతదేశంలో 2019 జులై 1 నుంచి కొత్త కార్లకు వెనుక పార్కింగ్ సెన్సార్లు తప్పనిసరి అయ్యాయి. అందువల్ల ఆ తర్వాత శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రోడ్డెక్కిన కార్లలో ఎంత తక్కువ ధర బండికైనా వెనుక బంపరులో గుండ్రటి చిన్న బిళ్లలు కనిపిస్తాయి. టైర్లలో గాలి తగ్గితే హెచ్చరించే వ్యవస్థ మాత్రం మోడలును బట్టి ఉంటుంది. బండి అప్పగించే రోజు షోరూములో ఈ రెండింటి గురించీ రెండు ముక్కలు చెప్పి ముగిస్తారు. ఇవి ఎప్పుడు హెచ్చరిస్తాయో ఆ రెండు ముక్కల్లోనే తెలిసిపోతుంది కానీ, ప్రమాదం ఎదురుగా ఉన్నా ఎప్పుడు ఊరుకుంటాయో యజమానే నేర్చుకోవాలి.

బంపరులోని బిళ్లలు మన చెవికి వినిపించని ధ్వనిని పంపి, అది ఎదుటి వస్తువును తాకి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరాన్ని లెక్కగడతాయి. రివర్సు గేరు వేయగానే ఇవి పనిచేయడం మొదలుపెడతాయి. సాధారణంగా వస్తువు ఒకటిన్నర మీటరు దూరంలో ఉన్నప్పుడు బీప్ శబ్దం విడివిడిగా వినిపించి, దగ్గరయ్యేకొద్దీ జోరందుకుని, సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో ఎడతెగకుండా మోగుతుంది. ఈ దూరాలు బండిని బట్టి కొంత మారతాయి కాబట్టి, ఇంటి దగ్గర ప్రహరీ గోడ వైపు నెమ్మదిగా వెనక్కి వెళ్లి, మోత ఎడతెగకుండా మారిన క్షణంలో ఆపి, బంపరుకూ గోడకూ మధ్య ఎంత ఉందో టేపుతో కొలిచి చూసుకోవడం మంచిది. ఆ మోత వినిపించాక ఇంకొంచెం జరపవచ్చునన్న ఆశ పెట్టుకోకూడదు. మరీ దగ్గరకు వచ్చిన వస్తువును సెన్సారు గుర్తించలేక, మోత ఆగిపోయే సందర్భాలు కూడా ఉంటాయి.

ధ్వని తిరిగి వస్తేనే సెన్సారుకు వస్తువు ఉన్నట్టు తెలుస్తుంది. గోడ, మరో కారు వంటి గట్టి, వెడల్పాటి వాటి విషయంలో పొరపాటు అరుదు. సన్నటి ఇనుప ఊచ, కంచె తీగ వంటివి ధ్వనిని సరిగా తిప్పి పంపవు. గడ్డి, గోనె సంచులు, దుప్పట్లు ధ్వనిని పీల్చుకుంటాయి. కోతల కాలంలో పల్లె రోడ్ల అంచున వరి గడ్డి పరిచి ఉంటుంది కాబట్టి ఈ సంగతి మనకు మరింత అవసరం. బంపరు కన్నా కిందున్న రాయి, మెట్టు, పడుకున్న కుక్క సెన్సారు చూపుకు అందకపోవచ్చు. అన్నిటికన్నా ప్రమాదకరమైనది గొయ్యి. పలకలు లేని మురుగు కాలువ వెనుక ఉన్నా అక్కడి నుంచి తిరిగి వచ్చే ధ్వని ఏమీ ఉండదు, అంటే సెన్సారు లెక్కలో అది ఖాళీ స్థలమే. కాలువ ఉన్న వీధిలో ఒకసారి దిగి చూడడమో, పక్కన ఉన్నవారిని కాస్త చూడమనడమో తప్ప మార్గం లేదు.

అవసరం లేకుండా మోగే సందర్భాలూ ఉంటాయి. బురద అంటినా, జోరు వాన పడుతున్నా, పక్కనే ఆగిన బస్సు ఎయిర్ బ్రేకు బుస్సుమన్నా సెన్సారు తికమక పడుతుంది. రథసప్తమి నాడు అరసవల్లిలోనో, సిరిమానోత్సవం నాడు విజయనగరంలోనో జనం మధ్య బండి తీసేటప్పుడు మోత ఆగకుండా వస్తుంది. విసుగుతో మ్యూట్ బటన్ నొక్కేవారున్నారు కానీ, పిల్లలు బండి వెనుక తిరిగే అలాంటి చోటే దాని అవసరం ఎక్కువ. బిళ్లలను తడి గుడ్డతో తుడవాలి. వాటర్ సర్వీసింగులో నీటి ధారను మరీ దగ్గర నుంచి వాటి మీదకు కొట్టనివ్వకూడదు.

కెమెరా ఉన్నవారు తెర మీద కనిపించే పచ్చ, పసుపు, ఎరుపు గీతలను పూర్తిగా నమ్మకూడదు. ఆ గీతలు నేల సమతలంగా ఉందన్న లెక్కతో గీసినవి. వెనుక నేల ఎత్తుగా లేస్తున్నప్పుడు అక్కడి వస్తువు నిజానికి ఉన్నదానికన్నా దూరంగా కనిపిస్తుంది. లారీ వెనుక ఆగేటప్పుడు కూడా ఇదే చిక్కు: నేలను తాకే చక్రాలు గీతలకు చాలా అవతల ఉన్నట్టు కనిపిస్తాయి, కానీ వాటికన్నా బయటకు పొడుచుకొచ్చిన తొట్టి అప్పటికే మన బండి అద్దం దగ్గర ఉంటుంది. టెక్కలి వైపు గ్రానైట్ లారీలు ఆగే ధాబాల దగ్గర ఈ జాగ్రత్త తప్పదు. దానంతట అదే స్టీరింగు తిప్పుకునే పార్కింగు సదుపాయం వరుసగా ఆగిన కార్ల మధ్య ఖాళీని వెతకడానికి తయారైనది. బైకులు, తోపుడు బళ్లు కలిసి ఉండే మన బజార్లలో దానిని పక్కన పెట్టడమే మేలని నా అభిప్రాయం.

ఇక టైర్ల సంగతి. గాలి తగ్గినప్పుడు డాష్‌బోర్డులో గుర్రపు నాడా ఆకారం మధ్య ఆశ్చర్యార్థకం ఉన్న పసుపు దీపం వెలుగుతుంది. కొన్ని కార్లలో ప్రతి చక్రం లోపల, వాల్వు దగ్గర, బ్యాటరీతో నడిచే సెన్సారు ఉండి ఒత్తిడిని నేరుగా అంకెల్లో చూపుతుంది. మరికొన్నింటిలో అలాంటి సెన్సారు ఉండదు; గాలి తగ్గిన చక్రం చుట్టుకొలత కాస్త తగ్గి వేగంగా తిరుగుతుంది కాబట్టి, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ వ్యవస్థ ఆ తేడాను పసిగడుతుంది. ఈ రెండో రకంలో నాలుగు చక్రాలకూ ఒకేలా గాలి తగ్గితే పోల్చి చూడడానికి తేడా ఉండదు, దీపమూ వెలగకపోవచ్చు. గాలి సరిచేయించిన ప్రతిసారీ రీసెట్ చేయడం కూడా ఈ రకానికి అవసరం, కానీ అది సరైన గాలి నింపాకే చేయాలి. తక్కువ గాలితో రీసెట్ చేస్తే ఆ తక్కువనే సరైనదిగా గుర్తు పెట్టుకుంటుంది.

చాలా వ్యవస్థలు ఉండాల్సిన ఒత్తిడిలో 20 నుంచి 25 శాతం తగ్గాకే దీపం వెలిగిస్తాయి. గాలి ఒత్తిడిని కొలిచే లెక్కలో 33 పిఎస్ఐ, అంటే సుమారు 2.3 బార్, ఉండాల్సిన టైరు 26 పిఎస్ఐ దరిదాపులకు వచ్చేదాకా ఏ హెచ్చరికా రాకపోవచ్చు. అందుచేత దీపం వెలగకున్నా నెలకొకసారి గేజీ పెట్టి చూడాలి. ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే పక్కనున్న చట్రం మీది స్టిక్కరులో ఉంటుంది. ఆ అంకె చల్లని టైరుకు, అంటే కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్న టైరుకు వర్తిస్తుంది.

ఈ చల్లని టైరు మాటను పట్టించుకోకపోవడం వల్లే అరకు వెళ్లినవారికి దీపం వెలుగుతుంది. మిట్ట మధ్యాహ్నం ఎండలో నడిపిన బండిని శ్రీకాకుళంలో బంకు దగ్గర ఆపి, వేడెక్కిన టైరులో సరిగ్గా 33 ఉండేలా చేయించుకుంటే, అది చల్లారాక 30కి అటూ ఇటూగా మిగులుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పడిపోతే ఒత్తిడి సుమారు ఒకటిన్నర పిఎస్ఐ తగ్గుతుంది. శృంగవరపుకోట మీదుగా ఘాట్ ఎక్కి జనవరి చలిలో రాత్రంతా ఆరుబయట ఉంచిన బండిలో తెల్లవారేసరికి దీపం వెలగడంలో ఆశ్చర్యం లేదు. కొంతదూరం నడిచి టైరు వేడెక్కగానే దీపం ఆరిపోతే బాగుపడిందనుకోవడం పొరపాటు. ఇంటికి చేరాక మరునాటి ఉదయం, బండి తీయకముందే గాలి చూసి సరిచేయాలి. నైట్రోజన్ నింపితే ఈ హెచ్చుతగ్గులు ఉండవనే మాటను నమ్మనక్కరలేదు, పొడి గాలిలాగే నైట్రోజన్ కూడా వేడికి, చలికి స్పందిస్తుంది.

ఒక్క చక్రంలో మాత్రమే గాలి వేగంగా తగ్గుతుంటే కారణం చలి కాదు, చాలాసార్లు మేకు. తుపాను తర్వాత రేకుల కప్పులు ఎగిరి మేకులు రోడ్ల పాలవుతాయి. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీని చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. నడుస్తున్న బండిలో గాలి అలా తగ్గుతుంటే గట్టిగా బ్రేకు వేయకుండా వేగం తగ్గించి, పక్కకు ఆపాలి. పంచరు షాపులో టైరు విప్పకముందే వాల్వు దగ్గర సెన్సారు ఉందని చెప్పాలి, లేకపోతే టైరు ఊడదీసే ఇనుప కడ్డీ తగిలి విరిగే ప్రమాదం ఉంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో లోహపు వాల్వు మూతలు తుప్పుతో బిగుసుకుపోతాయి కాబట్టి ప్లాస్టిక్ మూతలే వాడాలి.

దీపం మొదటి నుంచీ స్థిరంగా వెలగకుండా, బండి స్టార్టు చేయగానే నిమిషం సేపు మినుకుమినుకుమని ఆ తర్వాత ఆరకుండా వెలుగుతూనే ఉండిపోతే అది గాలికి కాక వ్యవస్థలోని లోపానికి గుర్తు; సెన్సారు బ్యాటరీ అయిపోయినా ఇలాగే జరుగుతుంది. సెన్సారు లేని స్టెప్నీ బిగించినప్పుడూ ఇదే కనిపిస్తుంది, అసలు చక్రం తిరిగి బిగించి కొంతదూరం నడిపాక ఆరిపోతుంది. చాలా బళ్లలో స్టెప్నీ గాలిని ఏ వ్యవస్థా కనిపెట్టి ఉండదు కాబట్టి, నెలకొకసారి గేజీ పట్టినప్పుడు డిక్కీ తెరిచి దాని గాలి కూడా చూడాలి.