ట్యాప్ దించాక ఫిర్యాదులా? ముందు న్యూట్రల్ చూడండి

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు పెద్ద అపార్ట్‌మెంట్లలో చాలావాటికి సొంత హెచ్‌టీ (అధిక వోల్టేజి) కనెక్షన్, సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉంటాయి. 11 కేవీ (11,000 వోల్టుల) నుంచి 433 వోల్టులకు దించే ట్రాన్స్‌ఫార్మర్ లోడు లేనప్పుడు ఫేజుకు 250 వోల్టులు ఇస్తుంది. మన ఇళ్లలోని సామాను 230కి తయారైంది. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (బయటికి వచ్చే వోల్టేజిని మెట్లు మెట్లుగా మార్చే స్విచ్) దించి ఆ పై వోల్టులు తగ్గిస్తే విద్యుత్తు కొంత మిగులుతుందన్నది నిజమే. అమెరికాలో పంపిణీ లైన్లన్నింటిలో ఈ పద్ధతి పెడితే ఏటా 3 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని 2010లో ఒక జాతీయ ప్రయోగశాల లెక్క కట్టింది. ట్యాప్‌ను ఎలా మార్చాలో మీకు తెలుసనుకుంటున్నాను: సరఫరా రెండు వైపులా పూర్తిగా ఆపి, లైసెన్స్ ఉన్నవారి చేత మాత్రమే. ట్రాన్స్‌ఫార్మర్ నగర విద్యుత్ పంపిణీ సంస్థ బెస్కామ్‌దైతే దాని జోలికే వెళ్లవద్దు.

అసలు తలనొప్పి ఆ తర్వాత మొదలవుతుంది.

సమస్య: ట్యాప్ దించిన మర్నాడే ఒక బ్లాకులో దీపాలు మినుకుమంటాయి, కొన్ని ఫ్లాట్లలో ఫ్రిజ్ స్టెబిలైజర్ మాటిమాటికీ కట్ అవుతుంది. పక్క ఫ్లాట్లో మాత్రం అంతా బాగానే ఉంటుంది. సెక్రటరీ గారి నుంచి ఫోను: "మీరు తగ్గించినందువల్లే ఇదంతా, మళ్లీ పెంచేయండి."

పెంచకండి. ముందు మీటరు తీయండి. మధ్యాహ్నం రెండింటికి ట్రాన్స్‌ఫార్మర్ ప్యానెల్ దగ్గర నిలబడి కొలిచి, "సార్, వోల్టేజి బాగుంది" అనే ఎలక్ట్రీషియన్లను చూసీ చూసీ విసిగిపోయాను. ఫిర్యాదు వచ్చిన బ్లాకు మీటర్ బోర్డు దగ్గరే కొలవాలి, అదీ ఉదయం ఏడింటికి, గీజర్లన్నీ ఆన్‌లో ఉన్నప్పుడు. మూడు ఫేజులకూ న్యూట్రల్‌తో (మూడు ఫేజుల కరెంటూ తిరిగి వెళ్లే ఉమ్మడి తీగతో) కొలవండి. ఆ తర్వాత ఫేజుకూ ఫేజుకూ మధ్య కూడా కొలవండి. ఈ రెండో కొలతను నూటికి తొంభై మంది వదిలేస్తారు.

మూడు ఫేజులూ కలిసి తగ్గి ఉంటే కేబుల్ పొడవు వల్లనో, ట్యాప్ మరీ దించినందువల్లనో. ఒక మెట్టు పైకి పెడితే సరిపోతుంది. ఫేజుల మధ్య వోల్టేజి మూడు చోట్లా సమానంగా ఉండి, న్యూట్రల్‌తో కొలిస్తే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తోందా? అది లూజు న్యూట్రల్. ట్యాప్‌కు దీనితో సంబంధం లేదు.

నేను ఒకసారి దీని చేతిలో దెబ్బ తిన్నాను. ఆ బ్లాకులో ఆర్ ఫేజు 207, వై 236, బి 250 ఉన్నాయి. ఫేజుల మధ్య మూడూ 398కి అటూ ఇటూ. లిఫ్టు నడుస్తోంది, పంపు నడుస్తోంది. నడవక ఏం చేస్తాయి? మూడు ఫేజుల మోటార్లకు న్యూట్రల్‌తో పనే లేదు. నేనూ 207 మాత్రమే చూసి, అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు ట్యాప్‌ను పాత చోటికి తిప్పేశాను. ఆర్ ఫేజు 217కు చేరింది, ఫిర్యాదులు ఆగాయి. కానీ 250 ఉన్న బి ఫేజు 263 అయింది, దాన్ని ఎవరూ కొలవలేదు. పది రోజుల్లో వదులుగా ఉన్న న్యూట్రల్ జాయింటు ఇంకా వదులై, బి ఫేజు ఫ్లాట్లలో రెండు టీవీలు, ఒక ఫ్రిజ్ బోర్డు కాలిపోయాయి. ఆ జాయింటు ట్యాప్ దించకముందు నుంచీ వదులుగానే ఉంది. అధిక వోల్టేజి దాన్ని కప్పిపుచ్చింది, అంతే.

ఎక్కడ వెతకాలి? మొదట బ్లాకు ప్యానెల్‌లో న్యూట్రల్ లింకు. అల్యూమినియం కేబుల్ లగ్‌ను (చివరి తొడుగును) నేరుగా రాగి బస్‌బార్‌కు (పట్టీకి) బిగించిన చోట తుప్పు పట్టి, వేడెక్కి, సడలుతుంది. తర్వాత జనరేటర్ ఛేంజోవర్, అంటే సరఫరాను లైను నుంచి జనరేటర్‌కు మార్చే స్విచ్: నాలుగు పోల్ల స్విచ్‌లో న్యూట్రల్ కాంటాక్టు మాడి ఉండవచ్చు. జనరేటర్ మీద ఉన్నప్పుడు ఇబ్బంది మాయమైతే, తప్పు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఆ స్విచ్ వరకు ఉన్న దారిలోనే. మూడున్నర కోర్ కేబుల్ వేసిన చోట ఇంకో చిక్కు: అందులో న్యూట్రల్ సగం సైజే. ఎల్ఈడీ దీపాలు, కంప్యూటర్లు పుట్టించే మూడో హార్మోనిక్ (సరఫరా ఫ్రీక్వెన్సీకి మూడు రెట్ల) కరెంట్లు మూడు ఫేజుల నుంచీ వచ్చి న్యూట్రల్‌లో కలిసిపోతాయి, ఒకదానినొకటి రద్దు చేసుకోవు. క్లాంప్ మీటరు న్యూట్రల్‌కు పెట్టి చూడండి, ఫేజులతో పోటీ పడే అంకె కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

బాగు చేసేటప్పుడు బ్లాకు మొత్తం ఆపండి, జనరేటర్ కూడా. లోడు ఉండగా న్యూట్రల్ ఊడదీస్తే ఒక ఫేజు ఫ్లాట్ల మీద దాదాపు 400 వోల్టులు పడవచ్చు. బైమెటల్ (ఒకవైపు అల్యూమినియం, ఒకవైపు రాగి ఉన్న) లగ్ వేసి, ఉపరితలం రుద్ది శుభ్రం చేసి, టార్క్ రెంచితో బిగించండి. నెల తర్వాత గీజర్ల వేళలో ఆ జాయింటు ఉష్ణోగ్రత చూడండి.

సమస్య: వోల్టేజి తగ్గింది, బిల్లు తగ్గలేదు. బెంగళూరులో చలి రోజుల్లో పెద్ద ఖర్చు గీజర్లది. వోల్టేజి 5 శాతం తగ్గిస్తే గీజరు దాదాపు 10 శాతం తక్కువ పవర్ తీసుకుంటుంది, కానీ నీళ్లు కాగడానికి అంతే ఎక్కువసేపు నడుస్తుంది. యూనిట్లు అవే. ఇన్వర్టర్ ఏసీలు, చాలా ఎల్ఈడీ డ్రైవర్లు కూడా తక్కువ వోల్టేజికి ఆంపియర్లు ఎక్కువ లాగుతాయి, పవర్ మాత్రం అంతే. కామన్ ఏరియా ప్యానెల్‌కు సర్వో స్టెబిలైజర్ ఉంటే అది ఎలాగూ 230 ఇస్తూనే ఉంటుంది, వెనక ట్రాన్స్‌ఫార్మర్ 250 ఇచ్చినా, 238 ఇచ్చినా.

ట్యాప్ దించాక పంపు ఓవర్‌లోడ్ రిలే (మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసేది) ట్రిప్ అవుతోందంటే ఆ మోటారు ముందే పూర్తి లోడులో ఉంది. ఒక మెట్టు వెనక్కి రండి.

ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ లోపమా, కేబుల్ లోపల తెగిందా అనే ఆలోచనలు చివరికి పెట్టుకోండి. ట్యాప్ తిప్పాక వోల్టేజి పెరిగిందంటే మాత్రం తిప్పింది తప్పు దిక్కున: ఎక్కువ ట్రాన్స్‌ఫార్మర్లలో 1వ స్థానం లోపలికి 11,550 వోల్టులు వస్తాయన్న లెక్కతో పెట్టింది, బయటికి వచ్చేది తక్కువ. 5వది 10,450ది, అక్కడ ఎక్కువ వస్తుంది. నేమ్ ప్లేట్ మీద రాసే ఉంటుంది, దుమ్ము తుడిస్తే.