తక్కువ జాగాలో డిస్క్ స్నాప్‌షాట్ తీసుకోవడం ఎలా?

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి పోటెత్తే రోజుల్లో ఒక అడ్తి దుకాణం లెక్కల సర్వర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చవలసి వచ్చిందనుకుందాం. డేటా ఉన్న డిస్క్ భాగం (వాల్యూమ్) 500 జీబీ ఉంటే, దాని పూర్తి నకలుకు మరో 500 జీబీ కావాలి. స్నాప్‌షాట్‌కు, అంటే ఆ క్షణంలో డేటా ఉన్న స్థితిని పట్టి ఉంచడానికి, క్షణాలు చాలు, ఎందుకంటే తీసే సమయంలో డేటా ఏదీ కాపీ కాదు. ఆ తర్వాత ఎవరైనా ఒక తక్‌పట్టీలో (సరుకు అమ్మకం చీటీలో) ధర సవరిస్తే, ఆ అంకె ఉన్న బ్లాకు (డిస్క్‌లోని చిన్న నిర్ణీత భాగం) పాత రూపం ముందుగా స్నాప్‌షాట్‌కు కేటాయించిన జాగాలో చేరుతుంది, అటుపైనే కొత్త అంకె అసలు చోట పడుతుంది. అదే బ్లాకును ఎన్నిసార్లు మార్చినా రెండోసారి కాపీ ఉండదు. దీన్ని కాపీ-ఆన్-రైట్ అంటారు. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్, నెట్‌యాప్ స్టోరేజీ వంటివి మాత్రం పాత బ్లాకును ఉన్నచోటే ఉంచి, కొత్తదాన్ని వేరేచోట రాస్తాయి.

మొదట జాగా అంచనా వేయండి. అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. చూడవలసింది వాల్యూమ్ ఎంత పెద్దదని కాదు, స్నాప్‌షాట్ ఉన్నన్నాళ్లు ఎన్ని వేర్వేరు బ్లాకులు మారతాయని. రోజుకు 10 జీబీ మేర బ్లాకులు మారే సర్వర్‌లో మూడు రోజులు ఉంచాలంటే 30 జీబీ వరకు పట్టవచ్చు. అయితే ఒక్క అంకె మారినా బ్లాకు మొత్తం కాపీ అవుతుంది. లైనక్స్‌లో డిస్క్ జాగాను వాల్యూమ్‌లుగా పంచే ఎల్‌వీఎంలో ఆ కొలత మామూలుగా 4 కేబీ. ఐబీఎం స్టోరేజీలోని స్నాప్‌షాట్ సదుపాయమైన ఫ్లాష్‌కాపీలో 64 లేదా 256 కేబీ ఉంటుంది కనుక చెదురుమదురు మార్పులకు అక్కడ ఎక్కువ జాగా ఖర్చవుతుంది. సీజన్‌లో అంచనాకు రెట్టింపు కేటాయించడమే మేలని నా అభిప్రాయం.

తర్వాత డేటాబేస్‌ను కాసేపు ఆపి, మెమరీలో మిగిలిన ఎంట్రీలు డిస్క్‌కు చేరాక, ఎల్‌వీఎంలోని ఎల్‌వీక్రియేట్ కమాండ్‌తో స్నాప్‌షాట్ సృష్టించి, మళ్లీ నడపండి.

ఎల్‌వీఎస్ కమాండ్‌లో కనిపించే, స్నాప్‌షాట్ జాగా ఎంత నిండిందో చెప్పే డేటా శాతాన్ని గమనిస్తూ ఉండండి. అది 100కు చేరితే అసలు డేటాకు నష్టం లేకపోయినా స్నాప్‌షాట్ చెల్లకుండా పోతుంది. అందుకే 70 దాటగానే ఎల్‌వీఎక్స్‌టెండ్‌తో జాగా పెంచండి.

అప్‌డేట్ వికటిస్తే ఎల్‌వీకన్వర్ట్ మెర్జ్‌తో పాత స్థితికి తిరిగి రావచ్చు. కానీ స్నాప్‌షాట్ తర్వాత నమోదైన తక్‌పట్టీలన్నీ పోతాయి కాబట్టి, వాటిని ముందే వేరుగా దాచుకోవాలి.

డిస్కులే చెడిపోతే స్నాప్‌షాట్ కూడా వాటితోపాటే పోతుంది. అందువల్ల దాన్ని రీడ్-ఓన్లీగా (చదవడానికి మాత్రమే వీలయ్యేలా) మౌంట్ చేసి, అంటే సిస్టమ్‌కు జోడించి, అందులోని ఫైళ్లను వేరే యంత్రానికి కాపీ చేసుకోండి. ఆ పని ముగిశాక, అప్‌డేట్ సవ్యంగా నడుస్తోందని తేలితే, స్నాప్‌షాట్‌ను ఎల్‌వీరిమూవ్‌తో తొలగించండి.