ఆ ఊరి బడికి ఆ ఊరి టీచర్‌నే తయారు చేయడం ఎలా

దూరపు ఊరి బడికి పైనుంచి టీచర్‌ని పంపితే ఏమవుతుందో ఏజెన్సీలో పని చేసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. చేరిన రోజు నుంచే ట్రాన్స్‌ఫర్ మీద కన్ను, పిల్లల మాట టీచర్‌కి రాదు, టీచర్ మాట పిల్లలకి రాదు. కెనడాలో సస్కాచెవాన్ రాష్ట్రం ఉత్తర భాగంలో 1970లలో ఇదే పరిస్థితి. బడి నిండా క్రీ, డెనె, మెటీ అనే ఆదివాసీ సమూహాల పిల్లలు, టీచర్లేమో దాదాపు అందరూ దక్షిణం నుంచి వచ్చి ఒకటి రెండేళ్లకే వెళ్లిపోయేవాళ్లు. దాంతో అక్కడి స్కూల్ బోర్డు 1976లో లా రోంజ్ అనే చిన్న ఊళ్లో నార్టెప్ పేరుతో టీచర్ ట్రైనింగ్ పెట్టుకుంది. అది నలభై ఏళ్లు నడిచి వందల మందిని టీచర్లని చేసింది. అలాంటి పని మీరు అక్కడ మొదలుపెట్టినా, ఇక్కడ మొదలుపెట్టినా, నేను చెప్పేది ఇది.

ముందు మనుషుల్ని వెతకాలి. నోటిఫికేషన్ ఇచ్చేసి మార్కుల వరసలో తీసుకోకండి. ఏళ్ల తరబడి టీచర్ పక్కన హెల్పర్‌గా ఉంటూ, టీచర్ చెప్పింది పిల్లలకి వాళ్ల భాషలో మళ్లీ చెప్తూ, ఏ పిల్ల ఎందుకు ఏడుస్తోందో, రాత్రి ఎవరింట్లో ఏం జరిగిందో తెలిసిన ఆవిడ ఆ బడిలో ఒకరు ఉంటారు. ముప్పై దాటి ఉంటాయి, ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలు ఉంటారు, చదువు హైస్కూల్ మధ్యలో ఆగిపోయి ఉంటుంది. మీక్కావాల్సింది ఆవిడే. చదువులో ఉన్న లోటుని ఒక ఏడాది ముందస్తు కోర్సుతో పూడ్చొచ్చు, ఆ ఊళ్లో పుట్టి పెరిగిన తెలివిడిని ఏ కోర్సూ ఇవ్వలేదు.

తర్వాత చోటు. యూనివర్సిటీ ఉన్న సాస్కటూన్ నుంచి లా రోంజ్ దాదాపు 380 కిలోమీటర్లు. ఆ దూరం చదువుకునేవాళ్లు వెళ్లాలా, పాఠం చెప్పేవాళ్లు రావాలా? నార్టెప్‌లో పాఠమే ఉత్తరానికి వచ్చింది. ఫీజు కట్టక్కర్లేదు, పైగా ఇల్లు గడవడానికి నెలనెలా భత్యం ఇచ్చారు. ఇది దానం కాదు, ఇది లేకపోతే ఇంతకుముందు చెప్పిన ఆవిడ అసలు రాలేదు. పిల్లల్ని చూసుకునే చోటు, ఉండటానికి గది, ఊరికి వెళ్లిరావడానికి ఛార్జీలు, ఈ మూడూ సిలబస్ కంటే ముందు తేల్చుకోండి.

డిగ్రీ మాత్రం పూర్తి డిగ్రీ అయి ఉండాలి. అక్కడివాళ్లకి సర్టిఫికెట్ చాలులే అనుకుంటే వాళ్లు జీవితాంతం హెల్పర్లుగానే మిగిలిపోతారు. నార్టెప్‌లో చదివినవాళ్లకి యూనివర్సిటీ డిగ్రీలే వచ్చాయి. దక్షిణాన చదివినవాళ్లతో సమానమైన డిగ్రీ, సమానమైన జీతం. ప్రాక్టీస్ టీచింగ్ ఆఖరి సంవత్సరం దాకా ఆపకండి. మొదటి ఏడాది నుంచే కొన్ని వారాలు క్లాసు, కొన్ని వారాలు సొంత ఊరి బడిలో పని, ఇలా మార్చి మార్చి నడిపించండి. ఈ వారం విన్నది వచ్చే వారం పిల్లల ముందు పెట్టి చూస్తే ఏది పనికొస్తుందో ఏది రాదో వాళ్లకే తెలుస్తుంది.

ఇక భాష. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. అడవి ప్రాంతపు క్రీ వాళ్లకి మనలాగే ఆరు ఋతువులు. వాటిలో మికిస్కావ్ అంటే చెరువులూ నదులూ గడ్డకట్టే కాలం, మిథోస్కమిన్ అంటే ఆ మంచు విరిగి నీళ్లు కదిలే కాలం. ఆ రెండు కాలాల్లో పడవా నడవదు, మంచు మీద బండీ నడవదు, అందుకే వాటికి విడిగా పేర్లున్నాయి. పాఠ్యపుస్తకం నాలుగు ఋతువులే అంటుంది. దక్షిణం నుంచి వచ్చిన టీచర్ నాలుగని చెప్పి, ఆరు రాసిన పిల్లాడికి మార్కు కొట్టేస్తే, వాడి తాత చెప్పింది తప్పని బడి తేల్చేసినట్టే కదా. మీ ట్రైనింగ్‌లో ప్రతి సబ్జెక్టునీ ఇలా ఊరి జ్ఞానం పక్కన పెట్టి చూడటం నేర్పాలి. సైన్సు, లెక్కలు, అన్నీ.

భాష మాట్లాడటం వస్తే నేర్పడం కూడా వచ్చేస్తుందని అనుకోకండి. మన వ్యాకరణంలో మహత్తు, అమహత్తు ఉన్నట్టే క్రీలో ప్రాణమున్నవి, లేనివి అని పదాలు రెండు వర్గాలు, దాన్ని బట్టి క్రియ మారుతుంది, పైగా రాయి ప్రాణమున్న వర్గంలోకి వస్తుంది. పుట్టుకతో క్రీ మాట్లాడేవాళ్లు తప్పు లేకుండా వాడతారు గానీ, ఇంట్లో ఇంగ్లీషే మిగిలిన పిల్లాడు ఎందుకు అలా అని అడిగితే చెప్పడానికి ప్రత్యేకంగా చదువుకోవాలి. యాస కూడా చూడండి. "నేను" అనడానికి మైదానపు క్రీలో నియ, అడవి క్రీలో నిథ, ఇంకా తూర్పున చిత్తడి నేలల వైపు నిన. ఒక ఊరి వాచకం ఇంకో ఊళ్లో పెడితే మన మాట కాదని పెద్దవాళ్లు పక్కన పెట్టేస్తారు. కాబట్టి ఊరి పెద్దల్ని ఫొటోకి పిలిచినట్టు ఒకరోజు పిలవకుండా, గౌరవ వేతనం ఇచ్చి కోర్సు చెప్పించండి.

క్లాసులో మౌనాన్ని అర్థం చేసుకోవడం నేర్పడం మర్చిపోవద్దు. కెనడా ఉత్తర కొసన నునావుట్ అనే ప్రాంతంలో ఇన్యూట్ ఆదివాసీ పిల్లలు కనుబొమ్మలు పైకెత్తితే అవునని, ముక్కు ముడిస్తే కాదని. ఆ సంగతి తెలియని టీచర్ జవాబు చెప్పవేం అని రెట్టిస్తారు, పిల్ల అప్పటికే చెప్పేసింది. ఊరి టీచర్‌కి ఇది నేర్పక్కర్లేదు, కానీ పక్క గదిలో ఉన్న బయటి టీచర్‌కి చెప్పగలిగే ధైర్యం నేర్పాలి. ఇద్దరినీ ఒకే వర్క్‌షాపులో కూర్చోబెట్టండి.

తల్లిదండ్రులు మీటింగుకి రావడం లేదంటే పిల్లల చదువంటే పట్టదని రాసేయకండి. రెసిడెన్షియల్ స్కూళ్ల పేరుతో కెనడాలో లక్షన్నరకి పైగా ఆదివాసీ పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకెళ్లి, సొంత భాష మాట్లాడితే కొట్టారు. చివరివి 1990లలో గానీ మూతపడలేదు. అంటే ఇప్పటి పిల్లల అమ్మమ్మలు, తాతలు ఆ గదుల్లో పెరిగినవాళ్లు. బడి గుమ్మం చూస్తే వాళ్లకి గుండె దడ. మీ దగ్గర ట్రైనింగ్‌కి వచ్చినవాళ్ల ఇళ్లలోనూ ఆ గాయం ఉంటుంది, కోర్సులో ఆ చరిత్ర చెప్పే రోజు పక్కన ఒక పెద్దమనిషి, ఒక కౌన్సెలర్ ఉండాలి, ఆ రోజు ఇంకో క్లాసు పెట్టకూడదు.

డబ్బు, చట్టం విషయంలో ముందుచూపు ఉండాలి. నార్టెప్‌కి ప్రభుత్వ నిధులు ఆగిపోవడంతో 2017లో విడి సంస్థగా దాని కథ ముగిసి, ఆ పని అక్కడి కాలేజీకి వెళ్లింది. మన దగ్గర ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో నంబర్ 3ని 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. రెండూ నాకు బాధ కలిగించినవే. అందుకే యూనివర్సిటీ ఒప్పందం, ఊళ్ల కౌన్సిళ్ల ఒప్పందం, నిధుల ఒప్పందం విడివిడిగా రాయించుకోండి, ఒకటి పోయినా చదువుతున్న బ్యాచ్ బయటికొచ్చేదాకా కోర్సు ఆగకూడదు.

చివరిగా, ఉద్యోగం వచ్చిన మొదటి ఏడాది. ఊరి టీచర్ బడి అయిపోయాక కూడా టీచరే. దుకాణంలో ఆపి అడుగుతారు, క్లాసులో సగం మంది అక్క పిల్లలో అన్న పిల్లలో అయి ఉంటారు, ఊళ్లో ఎవరైనా పోతే ఆవిడ టీచర్ కంటే ముందు చుట్టం. సెలవు నిబంధనల్లో అంత్యక్రియల రోజులు కలపమని బోర్డుతో ముందే మాట్లాడండి. రెండు మూడేళ్లు ముందు చేరిన సీనియర్ టీచర్ ఒకర్ని తోడు పెట్టండి, వాళ్లు వారానికోసారి ఫోన్ చేయాలి, మొదటి క్రిస్మస్ సెలవుల్లోపు ఒక్కసారైనా ఆ ఊరికి వెళ్లి క్లాసు వెనక కూర్చోవాలి. ఆ ప్రయాణం ఖర్చు బడ్జెట్‌లో ఇప్పుడే రాసి పెట్టుకోండి.