ఆరోగ్య కేంద్రంలో మందులు తరచూ నిండుకుంటున్నాయా? లోపం ఎక్కడుందో కనుక్కొనే పద్ధతి

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగరు మాత్రలు మూడో వారానికే అయిపోతే, "పైనుంచి రాలేదు" అన్న జవాబుతో రోగీ సిబ్బందీ సరిపెట్టుకుంటారు. ఆ జవాబు కొన్నిసార్లు నిజమే అయినా, జిల్లా ఔషధ గిడ్డంగిని తప్పుపట్టే ముందు మన ఇండెంటునూ (కావలసిన మందులు రాసి గిడ్డంగికి పంపే పత్రం) మన అలమరనూ చూసుకోవాలి. దేవరకొండ, అచ్చంపేట వైపు కేంద్రాల్లో పనిచేసే ఫార్మసిస్టులను దృష్టిలో పెట్టుకొని ఇది రాస్తున్నాను.

సమస్య: ఇండెంటు వేళకు పంపుతున్నా అదే మందు మళ్లీ మళ్లీ నిండుకుంటోంది.

కారణం చాలావరకు లెక్కలోనే ఉంటుంది. ఆరు నెలల్లో 9,000 ఆమ్లోడిపిన్ (బీపీ మందు) మాత్రలు ఖర్చయ్యాయనుకుందాం. ఆరుతో భాగించి నెలకు 1,500 అని రాస్తాం. కానీ ఆ 180 రోజుల్లో 60 రోజులు ఆ మందే లేకపోతే, 9,000 మాత్రలూ 120 రోజుల్లోనే వెళ్లాయన్నమాట; అసలు అవసరం నెలకు 2,250. తక్కువ రాస్తే తక్కువ వస్తుంది, త్వరగా అయిపోతుంది, ఖాళీ రోజులు పెరిగి వచ్చేసారి సగటు ఇంకా పడిపోతుంది. మందుల నిల్వను కంప్యూటర్‌లో నమోదుచేసే ఈ-ఔషధిలోనైనా కనిపించేది ఇచ్చిన మందు లెక్కే. ఒట్టి చేతులతో తిరిగి వెళ్లిన ముసలమ్మ అందులో ఎక్కడా ఉండదు.

పరిష్కారం: నిల్వ సున్నా అయిన తేదీని, మందు తిరిగి వచ్చిన తేదీని స్టాకు రిజిస్టరులో రాసుకోవాలి. మొత్తం ఖర్చును మందు ఉన్న రోజులతో భాగించి 30తో గుణిస్తే నెల అవసరం తేలుతుంది. సరుకు చేరడానికి నెల పడుతుందనుకుంటే, ఆ నెలకు 2,250, ఆలస్యానికి ఆసరాగా మరో 2,250 కలిపి, నిల్వ 4,500కు దిగగానే ఇండెంటు పెట్టాలి.

సమస్య: ఏడాది సగటు సరిగానే ఉంది, కొన్ని నెలల్లో మాత్రం చాలడం లేదు.

పాలమూరు పల్లెల్లో దీనికి వలస ఒక కారణం. పండుగకు వచ్చి తిరిగి ముంబై, పుణె బయలుదేరేవారు రెండు నెలల మాత్రలు అడుగుతారు, అడగడం న్యాయమే. ఆశా కార్యకర్తల దగ్గర అలాంటి కుటుంబాల వివరాలు ఉంటాయి గనుక ముందుగానే తీసుకొని ఇండెంటులో కలపాలి. వానకాలపు అవసరాన్ని సగటుతో కాక, గత ఏడాది అవే నెలల ఖర్చుతో అంచనా వేయాలి. పాముకాటు మందు విషయంలో సగటే పనికిరాదు: మొదటి మోతాదుకే సాధారణంగా 8 నుంచి 10 సీసాలు పడతాయి కాబట్టి, మూడు సీసాలున్న కేంద్రంలో ఆ మందు లేనట్టే లెక్క.

సమస్య: ఒకపక్క కొరత, మరోపక్క గడువు తీరిన మందుల పెట్టెలు.

కొత్త పెట్టెలను ముందు వరుసలో పేర్చడమే దీనికి మూలం. ముందు వచ్చినదాన్ని కాదు, ముందు గడువు తీరేదాన్ని ముందు ఇవ్వాలి. మూడు నెలల్లో గడువు ముగిసే సరుకు మిగిలేటట్టుంటే వైద్యాధికారి అనుమతితో పక్క కేంద్రానికి పంపడం మేలు. ఇన్సులిన్, కాన్పు సమయంలో వాడే ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. నల్లగొండ ఎండల్లో అవి పాడవడానికి కరెంటు పోయిన ఒక్క మధ్యాహ్నం చాలు, ఫ్రిజ్ ఉష్ణోగ్రతను రోజుకు రెండుసార్లు రాయకపోతే ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

సమస్య: లెక్కా అలమరా సరిగానే ఉన్నాయి, సరుకే రాలేదు.

ఇక్కడ లోపం పైస్థాయిదే. తమిళనాడులో 1990ల మధ్య మొదలైన పాసుపుస్తకం పద్ధతిలో ఒక్కో ఆస్పత్రికి ఇంత విలువ అని కేటాయించి, ఆ హద్దులో కావలసిన మందులను ఆస్పత్రినే తీసుకోనిచ్చారు. అందరికీ ఒకే కోటా పంచడం కన్నా నాకు అదే సబబనిపిస్తుంది. మన చేతిలో ఉన్నది లిఖితపూర్వక ఫిర్యాదు: నెల అవసరం, మందు లేని రోజులు, ఇండెంటు పంపిన తేదీ రాసి గిడ్డంగికీ జిల్లా వైద్యాధికారికీ పంపి, నకలు రిజిస్టరులో అతికించాలి. ఈలోగా ఆస్పత్రి అభివృద్ధి సంఘం నిధులతో కొనడానికి అనుమతి అడగవచ్చు. ప్రత్యామ్నాయ మందును మాత్రం వైద్యుడే మార్చి రాయాలి.